క్షమించే హక్కు ఎవరిది?

ఒక నవలను పదిమంది చదివి పదిమందీ ఒకే మాట చెప్పినట్లయితే ఆ నవలలో చర్చించవలసినది పెద్దగా లేదని భావించవచ్చు. చదివినవారు తమలో తాము వాదులాడుకున్నారంటే మాత్రం అందులో ఎక్కడో మన జీవితానికి గుచ్చుకునే ముల్లు ఒకటి ఉన్నదన్నమాట. అమెరికా రచయిత్రి ఆర్. జె. పలాసియో వ్రాసిన ‘వండర్’ అటువంటి నవల. 2012లో వెలువడిన ఈ పుస్తకం బాలబాలికలను, కౌమార దశలోని యువతీయువకులను ఉద్దేశించి వ్రాసినదే అయినా పెద్దలు కూడా దానిని విరివిగా చదివారు. 2017లో అది చలనచిత్రంగా కూడా వచ్చింది. మా కళాశాలలో సాహిత్యాభిరుచి గల కొందరు విద్యార్థినీ విద్యార్థులు ఈ నవలను చదివి తమ అభిప్రాయాలను మాతో ముచ్చటించారు. వారి మాటలను, ఇతర దేశాల పాఠకులు వెలిబుచ్చిన మాటలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాకు తోచిన విషయాలను ఈ వార్షిక సంచిక ద్వారా విద్యార్థుల ముందు, కళాశాల పెద్దల ముందు ఉంచుతున్నాము.

ముందుగా కథను సంగ్రహంగా చెప్పుకోవాలి. న్యూయార్క్ నగరంలో ఆగస్ట్ పుల్మన్ అనే పదేళ్ల బాలుడు ఉన్నాడు. ఇంటివారు అతనిని ఆగీ అని ముద్దుగా పిలుస్తారు. పుట్టుకతోనే అతని ముఖంలోని ఎముకలు సరిగా ఏర్పడలేదు. ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్ అని వైద్యులు పిలిచే ఈ స్థితి సుమారు 50,000 మందిలో ఒకరికి కలుగుతుంది. బుద్ధికి దాని వలన ఏ లోపమూ ఉండదు. ఎన్నో శస్త్రచికిత్సలు జరిగినా ఆగీ ముఖం చూసినవారు ఉలిక్కిపడుతూనే ఉంటారు. అంతవరకు ఇంటివద్దనే తల్లి దగ్గర చదువుకున్న ఈ పిల్లవాడు ఐదవ తరగతిలో మొదటిసారిగా బడిలో అడుగుపెడతాడు. ఆ ఒక్క విద్యాసంవత్సరంలో అతనికి జరిగిన అవమానాలు, దొరికిన స్నేహాలు, వీటి కథే ఈ నవల.

ఆగీని ఏడిపించేవారిలో ముఖ్యుడు జూలియన్. ఆగీని తాకినవారు వెంటనే చేతులు కడుక్కోకపోతే తెగులు సోకుతుందని పిల్లలలో ఒక ఆట పుడుతుంది. ఆగీ పెట్టెలో అసహ్యమైన చీటీలు కనిపిస్తాయి. జూలియన్ తల్లి బడి పాలకవర్గంలో సభ్యురాలు. ఆమె తరగతి ఛాయాచిత్రంలో నుండి ఆగీ ముఖాన్ని చెరిపివేసి ఆ ప్రతిని ఇతర తల్లులకు పంచుతుంది. ఇటువంటి పిల్లవానిని మన బడిలో చేర్చుకోవడం న్యాయమేనా అని ప్రధానోపాధ్యాయునికి ఉత్తరం కూడా వ్రాస్తుంది. పిల్లవాని క్రౌర్యానికి పెద్దల అండ ఎట్లా దొరుకుతుందో రచయిత్రి ఇక్కడ చక్కగా చూపినది.

ఈ సందర్భంలో మన భాషలోని రెండు మాటలను గుర్తు చేయవలసి ఉన్నది. చేసేవాడు తాను చేసిన పనిని ‘ఆటపట్టించడం’ అంటాడు. పడినవాడు అదే పనిని ‘ఏడిపించడం’ అంటాడు. జరిగిన పని ఒక్కటే. దానికి పేరు పెట్టే అధికారం ఎవరిదన్నదే తగవు. క్షమను గూర్చిన తగవు కూడా ఇక్కడి నుండే మొదలవుతుందని మా అభిప్రాయం.

పాఠకుల అభిప్రాయాలు మూడు విధాలుగా ఉన్నాయి. మొదటి వర్గంవారు జూలియన్‌కు జరిగిన శాస్తి చాలదని అంటారు. అతడు చివరకు ఆ బడి విడిచి వేరొక బడికి వెళ్లిపోతాడు. అంతే. నవల ముగిసే వరకు అతడు ఆగీకి క్షమాపణ చెప్పినట్లు ఎక్కడా లేదు. మా విద్యార్థిని ఒకరు ఈ విషయంలో సూటిగా ఒక ప్రశ్న వేసింది: “క్షమించడం గొప్ప గుణమే కావచ్చు. అడగనివానికి క్షమను ఎట్లా ఇవ్వడం?”

రెండవ వర్గంవారు జూలియన్ కూడా పదేళ్ల పిల్లవాడే కదా అంటారు. ఈ నవలలో ఎనిమిది భాగాలున్నాయి. ఆగీ, అతని అక్క, స్నేహితులు మొదలైన ఆరుగురు వంతులవారీగా కథ చెబుతారు. జూలియన్‌కు మాత్రం నోరు లేదు. దుష్టపాత్రగా నిలిపి, వాని మనస్సులో ఏమున్నదో చెప్పకుండా పంపివేయడం అన్యాయమని వీరి వాదం. పాఠక బాలలలో “జూలియన్‌లాగా ఉండకు” అనే నినాదం వ్యాపించినదట. తెగులు ఆటకు, ఈ నినాదానికి భేదమేమిటని ఆలోచనాపరులు ప్రశ్నించడంలో సబబు ఉన్నది. రచయిత్రి కూడా ఈ సంగతి గమనించి 2014లో జూలియన్ స్వయంగా చెప్పుకునే కథను వేరొక చిన్న పుస్తకంగా వెలువరించింది.

మూడవ వర్గంవారి మాట మనము మరింత శ్రద్ధగా వినవలసినది. వారు స్వయంగా అటువంటి ముఖంతో లేదా మరొక వైకల్యంతో జీవిస్తున్నవారు. నవల చివర బడివారు ఆగీకి పతకం ఇస్తారు, సభలోనివారంతా లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఆ పిల్లవాడు చేసిన ఘనకార్యమేమిటి? ఒక సంవత్సరం బడికి వెళ్లి అవమానాలు సహించాడు, అంతే కదా! సహించినందుకు పతకం ఇవ్వడమంటే, ఇతరులు సద్బుద్ధి నేర్చుకోవడానికి అతడిని పాఠ్యపుస్తకంగా వాడుకోవడమే అవుతుందని వీరి ఆక్షేపణ. మా విద్యార్థి ఒకరు ఇదే భావాన్ని తన మాటలలో చెప్పాడు: “పతకం ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆ తెగులు ఆట ఆడినవాళ్లందరూ ఒక్కొక్కరుగా వచ్చి మాట్లాడి ఉంటే అతనికి అంతకన్నా ఏం కావాలి?”

ఈ మూడు అభిప్రాయాలలో దేనినీ త్రోసిపుచ్చడానికి వీలులేదు. అయితే ఈ వాదాలన్నీ జూలియన్ చుట్టూ తిరగడం వలన నవలలోని మిక్కిలి విలువైన ఘట్టం మరుగున పడిపోతున్నదని మాకు తోస్తున్నది. అది ఆగీ మిత్రుడైన జాక్ కథ.

జాక్ ఆగీ పక్కన కూర్చుంటాడు, అతనితో కలిసి నవ్వుతాడు. హాలోవీన్ అనే వేషాల పండుగనాడు పిల్లలందరూ ముసుగులు వేసుకుని బడికి వస్తారు. ఆగీ తాను వేస్తానని చెప్పిన వేషం కాక వేరొకటి వేసుకుని వస్తాడు. అతడు అక్కడ ఉన్నాడని తెలియక జాక్ నలుగురి మెప్పు కోసం ఒక మాట అంటాడు. తనకే అటువంటి ముఖం ఉంటే ప్రాణం తీసుకుని ఉండేవాడినని ఆ మాట సారాంశం. ఆగీ ముసుగు చాటున నిలబడి అంతా వింటాడు. శత్రువు వేసిన తెగులు ఆట కంటె మిత్రుడు అన్న ఈ ఒక్క మాట అతనిని ఎక్కువగా కుంగదీస్తుంది.

తరువాత జరిగినది చూడండి. ఆగీ ఎందుకు ముఖం చాటు చేస్తున్నాడో జాక్‌కు తెలియదు. సమ్మర్ అనే బాలికను అడుగుతాడు. ఆమె ఆగీ రహస్యాన్ని బయటపెట్టదు. ఆ వేషం పేరు మాత్రం సూచనగా చెప్పి ఊరకుంటుంది. తప్పేమిటో జాక్ తనకు తానే కనుగొనవలసి వస్తుంది. కనుగొన్నాక సిగ్గుపడతాడు. ఆపైన జూలియన్ ఆగీని తూలనాడినప్పుడు కోపం పట్టలేక అతనిని కొడతాడు. కొట్టినందుకు శిక్ష కూడా అనుభవిస్తాడు.  ఇంత జరిగిన తరువాత అతడు ఆగీని క్షమాపణ కోరుతాడు. ఆగీ క్షమిస్తాడు. ఆగీ పక్షాన నిలిచినందుకు తక్కిన పిల్లలు ఆ తరువాత జాక్‌ను వెలివేస్తారు.

ఇక్కడ మూడు మెట్లున్నాయి. తప్పు చేసినవాడు తన తప్పును తానే గుర్తించడం మొదటిది. దాని మూల్యం చెల్లించడానికి సిద్ధపడటం రెండవది. నొచ్చుకున్నవాని ఎదుట నిలిచి అడగడం మూడవది. ఈ మూడూ ఎక్కిన తరువాత క్షమ అనే తలుపు దగ్గరకు చేరుతాము. ఆ తలుపు గడియ మాత్రం లోపలి వైపున ఉంటుంది. తీయడమా, తీయకపోవడమా అన్నది లోపల ఉన్నవాని ఇష్టం. ఆగీ తీశాడు. తీయకపోయినా అతడు చెడ్డవాడయ్యేవాడు కాదు.

జూలియన్ విషయంలో ఆగీ క్షమించానని అనలేదు. రచయిత్రి కూడా అతని నోట ఆ మాట బలవంతంగా పలికించలేదు. కథను తీయగా ముగించాలనే ఆశ ప్రతి రచయితకూ ఉంటుంది. ఆ ఆశకు ఇక్కడ లోబడకపోవడం ఈ నవలకు గౌరవం తెచ్చిన విషయమని మేము భావిస్తున్నాము.

జూలియన్ కథగా తరువాత వచ్చిన పుస్తకాన్ని గూర్చి కూడా ఒక మాట. చిన్ననాటి నుండి తనను వేధించిన పీడకలలను గూర్చి, ఆగీ ముఖం చూసినప్పుడు తనకు కలిగిన భయాన్ని గూర్చి జూలియన్ అందులో చెబుతాడు. ఇది తప్పించుకోవడానికి చెప్పే సాకు అని కొందరు పాఠకులు విమర్శించారు. కారణం చెప్పడం వేరు, క్షమ పొందడం వేరు. భయం వలన తప్పు చేశాడని తెలుసుకోవడం వలన ఆ తప్పు ఒప్పు కాదు. ఆ పుస్తకంలో జూలియన్‌ను మార్చినది అతని నాయనమ్మ చెప్పిన కథ. నాజీ సైన్యం ఫ్రాన్సును ఆక్రమించిన కాలంలో ఆమె యూదు బాలిక. పోలియో వలన కాలు చచ్చుబడిన ఒక బాలుడు ఆమెను దాచి ప్రాణం కాపాడాడు. అంతకు పూర్వం బడిలో అందరూ అతనికి పీత అని పేరు పెట్టి హేళన చేస్తుంటే ఆమె ఒక్కనాడూ అతనిని పలకరించలేదు, అతని అసలు పేరు కూడా తెలుసుకోలేదు. ఆ బాలుడు నాజీల చేతిలో మరణించాడు. అతని పేరే ఆ కుటుంబంలో మనుమని వరకు వచ్చింది. ఈ వృత్తాంతం 2019లో ‘వైట్ బర్డ్’ అనే బొమ్మల నవలగా, 2024లో చలనచిత్రంగా వచ్చింది. మనుమని తప్పును ఆమె చిన్నది చేసి చెప్పలేదు. తన తప్పును వాని ముందు పరచింది. జూలియన్ ఆగీకి క్షమాపణ పత్రం వ్రాసినది ఆ తరువాతనే.

క్షమను గూర్చి నేర్చుకోవడానికి మనము అమెరికా వరకు పోవలసిన పని లేదని కొందరు పెద్దలు అనవచ్చు. నిజమే. పోతన భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామ ఘట్టం ఉన్నది. నిద్రిస్తున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. ఆమె అతనిని విడిచిపెట్టమంటుంది. తన వలెనే అతని తల్లి కృపి కూడా పుత్రశోకంతో ఏడవకూడదని ఆమె వేదన. ఈ భాగాన్ని మనము పాఠంగా చెప్పుకునేటప్పుడు ద్రౌపది క్షమాగుణాన్ని కొనియాడి ఊరకుంటాము. కాని రెండు విషయాలు గమనించాలి. విడిచిపెట్టమనే ముందు ఆమె అతడు చేసిన ఘోరమేమిటో అతని ముఖం మీదనే చెప్పింది. అతడు సిగ్గుతో తల వంచుకున్నాడు. క్షమించమని ఆమెను ఎవరూ ఒత్తిడి చేయలేదు; కడుపుకోత ఆమెది, నిర్ణయమూ ఆమెదే. పైగా అశ్వత్థామ శిక్ష లేకుండా పోలేదు. శిరోమణిని, తలవెంట్రుకలను కోల్పోయి శిబిరం నుండి వెడలగొట్టబడ్డాడు. ప్రాణం దక్కింది, పరువు దక్కలేదు.

ఇస్లాం ధర్మంలో కూడా ఇదే సూక్ష్మం మరొక విధంగా కనిపిస్తుంది. అల్లాహ్ పట్ల మానవునికి గల బాధ్యతలు ఒక వంక, తోటి మానవుల పట్ల గల బాధ్యతలు, అనగా హుఖూఖుల్ ఇబాద్, మరొక వంక. తోటివానికి చేసిన అన్యాయం విషయంలో పశ్చాత్తాప ప్రార్థన ఒక్కటే చాలదని, ఆ మనిషి హక్కును ఆ మనిషికి తిరిగి ఇవ్వాలని, అతని వద్ద మాఫీ పొందాలని మన పెద్దలు బోధిస్తూ వచ్చారు. నొచ్చుకున్నవానిని దాటవేసి క్షమ పొందే దొడ్డిదారి ఏదీ లేదని దీని సారాంశం.

ఇంతవరకు పుస్తకాల మాట. ఇక మన ప్రాంగణం మాట. విద్యాసంస్థలలో ఒక విద్యార్థి తనను వేధించారని ఫిర్యాదు చేసినప్పుడు సాధారణంగా జరిగేదేమిటి? ఇద్దరినీ ఒక గదిలోకి పిలుస్తారు. “ఏదో చిన్నతనం, పోనీలే, క్షమించు” అని ముందుగా నొచ్చుకున్నవానికే చెబుతారు. చేతులు కలపమంటారు. కాగితం మీద రాజీ అని వ్రాసి ఇద్దరి చేత సంతకాలు చేయిస్తారు. ఏడిపించినవాడు తేలికపడి బయటకు వస్తాడు. ఏడ్చినవాడు రెండు బరువులతో బయటకు వస్తాడు. ఒకటి తనకు జరిగిన అవమానం, రెండవది తాను క్షమించానన్న అబద్ధం. ఇటువంటి క్షమ వలన సంస్థకు ప్రశాంతత దొరుకుతుంది కాని న్యాయం దొరకదు.

చట్టం కూడా ఈ తొందరపాటును అంగీకరించదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం, ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని సంస్థాధిపతిని నేరానికి తోడ్పడినవానిగానే పరిగణిస్తుంది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు సీనియర్ల దెబ్బలకు మరణించిన దుర్ఘటన దేశాన్ని కలచివేసింది. అదే సంవత్సరం యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ నిబంధనలు ప్రకటించింది. ప్రతి కళాశాలలోను ర్యాగింగ్ నిరోధక సంఘం ఉండాలని, విద్యార్థులు, తల్లిదండ్రులు ప్రమాణపత్రాలు ఇవ్వాలని అవి నిర్దేశించాయి. 2016లో ఆ నిబంధనలకు చేసిన సవరణ మరింత గమనించదగినది. మతం, కులం, ప్రాంతం, ఆర్థిక స్థితి మొదలైన వాటితోపాటు రూపాన్ని బట్టి, భాషను బట్టి ఒకరిని హింసించడం, వెలివేయడం కూడా ర్యాగింగ్ కిందికే వస్తాయని అది స్పష్టం చేసింది.

ఉర్దూ, తెలుగు రెండు భాషలవారు కలిసి చదివే మనవంటి కళాశాలలో ఈ మాటలకు ప్రత్యేకమైన అర్థం ఉన్నది. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థి తెలుగులో ళకారం పలకలేకపోతే నవ్వడం, తెలుగు విద్యార్థి ఖాఫ్ అక్షరం పలకలేకపోతే నవ్వడం మనకు వినోదంగా కనిపిస్తుంది. నల్లనివానికి, లావుపాటివానికి, నత్తివానికి పేర్లు పెట్టడం స్నేహంగా చలామణి అవుతుంది. ఆ పేరు పడినవాడు కూడా నవ్వుతూనే ఉంటాడు. జాక్ మాటలు విన్ననాడు ఆగీ ముఖం మీద ముసుగు ఉన్నది. మన తరగతులలో ఆ నవ్వే ముసుగు.

కావున కళాశాల పెద్దలకు మా విన్నపం ఇది. ఫిర్యాదు చేసినవానిని ముందుగా ఒంటరిగా పిలిచి అతని మాట పూర్తిగా వినండి. అతనికేమి కావాలో అడగండి. చట్టం విధించిన చర్యను రాజీ పేరుతో ఆపవద్దు. నలుగురిలో జరిగిన అవమానానికి క్షమాపణ కూడా నలుగురిలోనే జరగాలి. అయితే అది బాధితునికి ఇష్టమైతేనే. తప్పు చేసినవాడు పాలకవర్గంలోని వారి బంధువైనా, మంచి మార్కులు తెచ్చుకునేవాడైనా నియమం ఒక్కటిగానే ఉండాలి. శిక్ష పడినవానిని శాశ్వతంగా దుష్టుడని ముద్ర వేసి పంపివేయడం మాత్రం మా అభిమతం కాదు. జూలియన్ బడి మారినంత మాత్రాన ఏమీ నేర్చుకోలేదు. ఒక పెద్దామె పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడినప్పుడే నేర్చుకున్నాడు. ఆ పెద్దరికం అధ్యాపకులమైన మాకు ఉండాలి.

విద్యార్థులకు కూడా ఒక మాట. మీలో ఎక్కువమంది ఆగీలు కారు, జూలియన్‌లు కారు. చూస్తూ ఊరకున్నవారే ఎక్కువ. ఆ నాయనమ్మ జీవితాంతం మోసిన బరువు అటువంటి మౌనమే. సమ్మర్ అనే బాలిక ఘనకార్యమేమీ చేయలేదు. మొదటిరోజున భోజన సమయంలో ఒంటరిగా ఉన్న ఆగీ బల్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నది. అంత చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మరొక సంగతి. క్షమాపణకు కూడా కాలం ఉన్నది. ఆ ఫ్రెంచి బాలుడు చనిపోయిన తరువాత అతనిని క్షమాపణ కోరడానికి ఆమెకు దారి లేకపోయింది. చివరి సంవత్సరం విద్యార్థులు పరీక్షలు వ్రాసి, టీసీలు తీసుకుని తలా ఒక ఊరికి వెళ్లిపోతారు. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాని చిరునామా కూడా తరువాత దొరకకపోవచ్చు. ఎవరి మనస్సునైనా నొప్పించామని మీలో ఎవరికైనా తోస్తే, సెలవులు ఇవ్వకముందే వెళ్లి అడగండి. వారు మాఫ్ చేయవచ్చు, చేయకపోవచ్చు. ఆ నిర్ణయం వారికి వదిలిపెట్టడమే మీరు వారికి చేయగలిగిన మొదటి మర్యాద.